పదిహేడో నంబరు గొయ్యి

కొండ కింది ఇల్లు,
9 జనవరి 2006, సోమవారం

తమ్ముడు మంకోబాకి, అక్క ఫెత్సిలె రాస్తున్న ఉత్తరం.

నేనూ అమ్మా బాగానే ఉన్నాం. వానలు పట్టుకున్నాక అమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలిసిందే. పొద్దున లేవగానే తిట్టడానికి మనిషి కావాలి. నువ్వు లేవు కనుక నీ వాటా కూడా నాకే పడుతోంది.

నువ్వు జోహన్నెస్‌బర్గ్ వెళ్ళి మూడు నెలలైంది. ఉన్న ఫోను పోగొట్టుకున్నావు, సరే. ఉండే చోటుకి పేరంటూ ఉండదా? లమగగులా అత్త సరుకు కోసం రెండు వారాలకోసారి అక్కడికి వెళ్తుంది కనుక సరిపోయింది, ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇస్తున్నాను. లేకపోతే బతికున్నావో లేదో కూడా తెలిసేది కాదు. "బాగానే ఉన్నాడు, కాస్త తెల్లబడ్డాడు" అంది. పట్నం నీడ పడితే ఎవరైనా తెల్లబడతారని అమ్మ మురిసిపోయింది.

ఇక అసలు కబురు. నాకు ఉద్యోగం వచ్చింది. మన కొండ మీది అడవిలో, పాత బంగారు గనుల మధ్య నుంచి మూడు రోజుల నడక దారి వేశారు కదా, దాని మీద గైడుని. ఆ దారిలో ఆడ గైడు నేనే మొదలు. అక్కడ పెత్తనం లూట్స్ అనే ఆయనది. నన్ను ఎగాదిగా చూసి, "ఇరవై కిలోల సంచి మోస్తావా?" అన్నాడు. "మా ఇంటి నీళ్ళ డబ్బా ఇంతకంటే బరువండీ" అన్నాను. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

మొదటి రోజు నడక అందరూ నడుస్తారు. సాయంత్రానికి చెక్క గుడిసె వస్తుంది. రెండో రోజే ఉంది అసలు కష్టం. గొలుసు పట్టుకుని వాగులోకి దిగాలి. నాచు పట్టిన బండలు, ఎక్కడ కాలు వేసినా జారుతుంది. వాగు దాటితే నిట్టనిలువు మెట్ట. వెనకటికి గనులకి సామాను మోసిన గాడిదలు అక్కడ కూలబడేవట, దాన్ని గాడిద మెట్ట అంటారు. కిందటి వారం ఒక బ్యాంకు ఆయన సగం ఎక్కి, కూర్చుని, వాళ్ళమ్మని తలుచుకున్నాడు. మెట్ట పైన పాత గని. రాయి దంచిన ఇనుప రోకళ్ళు తుప్పుపట్టి అలాగే నిలబడి ఉన్నాయి, వాటి మధ్య నుంచి చెట్లు పెరిగిపోయాయి.

అక్కడంతా గోతులే. పైన ఆకులు కప్పేసి ఉంటాయి. డిసెంబరులో ఒకావిడ నడుం దాకా దిగబడింది. అందుకని ఒక్కో గొయ్యి వెతికి, పక్క రాయి మీద ఎర్ర రంగుతో నంబరు వేసి, పటం గీసే పని లూట్స్ నాకు అప్పజెప్పాడు. ఇప్పటికి పన్నెండు దొరికాయి.

నీ సంగతులు రాయి. అమ్మ నీకోసం గుమ్మడాకు ఎండబెట్టి ఉంచింది.

నీ అక్క,
ఫెత్సిలె


జోహన్నెస్‌బర్గ్,
22 జనవరి

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాతో పాటు పనిచేసే ఆర్మాందు అనే పెద్దాయన, మొజాంబిక్ మనిషి, ఆయనకి కూడా చదివి వినిపించాను. బ్యాంకు ఆయన సంగతికి నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

గైడంటే ఏమిటి, చిరుతపులి వస్తే జనం కంటే ముందు పరిగెత్తే మనిషా? నీ అరుపుకి చిరుతే పారిపోతుందిలే.

నా పని ఒక పెద్ద గిడ్డంగి దగ్గర కాపలా. ఎప్పుడూ రాత్రి పనే, వెలుగు చూసి చాలా రోజులైంది. అందుకే తెల్లబడ్డాను. మా పైవాళ్ళు కాస్త కఠినులు. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం వాళ్ళు చదివాకే చేతికిస్తారు. కనుక ఇంటి గుట్టులేవీ రాయకు. సెలవు అడిగితే వింటారు గానీ ఇవ్వరు.

ఒక్క మాట విను. ఇనుప రోకళ్ళ అవతలికి పోకు. దారి మీద జనాన్ని నడిపించు, జీతం తీసుకో, ఇంటికి పో. గోతులు వెతికే పని మగవాళ్ళకి అప్పగించమను. అక్కడ నేల మంచిది కాదు. నీకు తెలియదు.

కాగితం మీద మట్టికి ఏమీ అనుకోకు. ఇక్కడ కడుతున్నారు, దుమ్ము.

తమ్ముడు,
మంకోబా


6 ఫిబ్రవరి

తమ్ముడికి,

"మగవాళ్ళకి అప్పగించమను" అని రాశావు. చదివి కాగితం చింపబోయాను. అమ్మ లాక్కుంది. నువ్వు నడక నేర్చుకున్నది నా కొంగు పట్టుకుని. నీకు తెలిసిన నేల నాకు తెలియదా? నాకిప్పుడు ఇరవై ఆరు గోతులు తెలుసు. నీకు నీ గిడ్డంగి గుమ్మం తెలుసు.

నీ ఉత్తరం చూసి అమ్మకి ఒక అనుమానం వచ్చింది. మట్టి, వంకర అక్షరాలు, రాత్రి పని. తాగుతున్నావని. నాకైతే ఎవరో అమ్మాయి ఉందనిపించింది. అమ్మాయైతే చెప్పు, తిట్టం. తాగుడైతే మాత్రం నీ ఇష్టం, అమ్మ వచ్చేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. కిందటి బుధవారం డర్బన్ నుంచి వచ్చిన ఆరుగురిని గాడిద మెట్ట ఎక్కించి, పైన అన్నాలకి కూర్చోబెట్టాను. ఒక పంతులమ్మ బండకి చెవి ఆనించి, "లోపల ఎవరో కొడుతున్నారు" అంది. అందరం ఆనించాం. నిజమే. టక్, టక్, ఆగి, మళ్ళీ టక్. నానమ్మ ఉంటే చచ్చిపోయిన కూలీల ఆత్మలనేది. ఆత్మలకి సుత్తెలతో ఏం పని?

వాళ్ళని గుడిసెకి పంపి ఒక్కదాన్నే వెతికాను. రోకళ్ళకి అవతల, ఫెర్న్ పొదల కింద నిలువు గొయ్యి. పక్కన అడుగుల గుర్తులు, వాడేసిన బ్యాటరీలు, రొట్టె కాగితాలు. దానికి పదిహేడు నంబరు వేశాను, వరసలో ఆ నంబరే ఖాళీగా ఉంది. లూట్స్‌కి చెప్పాను. దొంగతనంగా బంగారం తవ్వేవాళ్ళట. గోతులన్నీ మూయించడానికి పైవాళ్ళకి రాశాడు. "మంచి పని చేశావు, లుఖెలె" అని నన్ను మన ఇంటిపేరు పెట్టి పిలిచాడు. ఆ రోజు అన్నం సహించింది.

వానలకి దిగువన తొమ్మిదో నంబరు సొరంగం దానంతటదే కూలింది. ఒకటి మూసే పని తప్పింది.

అక్క


21 ఫిబ్రవరి

అక్కా,

ఎందుకు చెప్పావు? నీ దారిన నువ్వు నడుస్తుంటే, వాళ్ళ దారిన వాళ్ళు తవ్వుకుంటుంటే, నీ కాలికి ఏం తగిలింది? వాళ్ళ ఇళ్ళల్లో కూడా మోకాళ్ళ నొప్పుల అమ్మలుంటారు. ఆ లూట్స్ నీకేమవుతాడు? ఇంటిపేరు పెట్టి పిలిచాడని మురిసిపోయావు. నాన్నని కూడా గనిలో ఇంటిపేరు పెట్టే పిలిచారు, ఊపిరితిత్తులు పోయేదాకా.

నాకు తాగుడు లేదు, అమ్మాయీ లేదు.

తొమ్మిదో నంబరు పూర్తిగా కూలిందా? పక్కన మనిషి దూరేపాటి సందేమైనా మిగిలిందా? చూసి రాయి. మూసేది ఎప్పుడో కూడా రాయి. ఊరికే అడుగుతున్నాను. ఆర్మాందుకి ఇలాంటి కథలంటే ఇష్టం. పాపం కాలు విరిగింది, పెద్ద రాయి పడింది. ఆసుపత్రికి పంపమంటే పైవాళ్ళు వినడం లేదు.

మంకోబా


19 మార్చి, ఆదివారం

మంకోబాకి,

నెల రోజులు రాయలేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

నాన్న పేరు ఎత్తావు కనుక చెబుతున్నాను. ఆఖరి ఏడాది ఆయన్ని ఎండలోకి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టింది నేను. అప్పటికి నువ్వు బడికి పోయేవాడివి. ఒక రోజు నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి నేల కిందికి పోనివ్వకు" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. ఆ గోతుల్లో ఉన్నవాళ్ళని తలుచుకుంటే నాకు ఒంటికి మంటెత్తేది అందుకే. వాళ్ళ ఇళ్ళల్లో చెప్పేవాళ్ళు లేరా అని. నువ్వేమో వాళ్ళ తరఫున నాతో పోట్లాడుతున్నావు. పట్నంలో కూర్చుని జాలి పడడం తేలిక.

తొమ్మిదో నంబరు చూశాను. పిల్లి కూడా దూరదు. ఎందుకు అడిగావో నాకు అర్థం కాలేదు.

మూసేది వచ్చే సోమవారం, 27న. ఎవరికీ చెప్పొద్దన్నారు, నువ్వు దూరాన ఉన్నావు కనుక రాస్తున్నాను. శనివారమే లూట్స్, పోలీసులు, సిమెంటు లారీలు పైకి వెళ్ళి మకాం వేస్తారు. ముందు పదిహేడు, తర్వాత మిగతావి. లోపలికి కేకేసి, ఎవరూ పలక్కపోతే పోసేస్తారు.

గిడ్డంగి వాళ్ళు మనిషి కాలు విరిగితే ఆసుపత్రికి పంపకపోవడమేమిటి? అలాంటి చోట ఎందుకు ఉండడం? వచ్చెయ్. ఇక్కడ నేను సంపాదిస్తున్నాను కదా.

అక్క


24 మార్చి

అక్కా,

ఇది బ్యాటరీల అట్ట మీద రాస్తున్నాను. పెన్సిలు ముక్క చిన్నది. అన్నీ ఒక్కసారే చెప్పాలి.

నేను జోహన్నెస్‌బర్గ్‌లో లేను. ఎప్పుడూ వెళ్ళలేదు. అక్టోబరు నుంచి పదిహేడో నంబరు గోతిలో ఉన్నాను. నువ్వు బండకి చెవి ఆనించి విన్నది మమ్మల్నే. లమగగులా అత్త మాకు రొట్టె తెస్తుంది, ఆవిడ మీద కోప్పడకు, బెదిరిస్తే చేస్తోంది. రెండు నెలలని దిగాను. పైకి రావడం మా చేతుల్లో ఉండదని దిగాక తెలిసింది. పైన తుపాకులతో ముగ్గురు కాపలా ఉంటారు. వాళ్ళు తాడు నిచ్చెన వేస్తేనే ఎక్కాలి. ఉత్తరాలు చదివేదీ వాళ్ళే.

నీ ఉత్తరం కూడా ముందు వాళ్ళే చదివారు. 27న మూస్తారన్న ముక్క చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉత్తరం లోపలికి విసిరేశారు. పొద్దున లేచేసరికి వాళ్ళు లేరు, నిచ్చెన లేదు. నిలువుగా పదిమంది మనుషుల ఎత్తు, గోడలు తడి. రెండు రోజులుగా ప్రయత్నిస్తున్నాం, ఒకడు పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కింది దారి తొమ్మిదో నంబరే. అది కూలిందని నువ్వే రాశావు.

ఇరవై ఇద్దరం ఉన్నాం. లోపలి సొరంగంలో ఊట నీళ్ళున్నాయి. అందరూ అక్కడే పడుకుంటున్నారు. ఆర్మాందుని కదిలించలేక నేను ఆయనతో గోతి అడుగునే ఉంటున్నాను.

బయటివాళ్ళు పిలిస్తే మావాళ్ళు పలకరు. కిందటేడు వేరే ముఠావాళ్ళు పోలీసులమని పిలిచి, పైకొచ్చినవాళ్ళని కాల్చేశారట.

అత్త దారం మీద బుట్ట దింపింది. తాడు తెమ్మంటే, వాళ్ళు పక్కనే పొంచి ఉన్నారేమోనని ఆవిడ భయం. ఈ అట్ట దానికి కడుతున్నాను. నీకు చేరుతుందో లేదో. అమ్మకి చెప్పకు.

మంకోబా


జైలు ఆసుపత్రి,
18 ఏప్రిల్

అక్కకి,

బతికే ఉన్నాను. దగ్గు ఉంది. ఆర్మాందుకి మోకాలి కింద కాలు తీసేశారు, మనిషి బతికాడు. పక్క మంచమే.

మూడు వారాలుగా ఒకే విషయం ఆలోచిస్తున్నాను. నీ గొంతు విని నువ్వొక్కదానివే వచ్చావనుకున్నాను. పైకి లాగాక చూస్తే చుట్టూ పోలీసులు. నీ పక్కనే నిలబడ్డారు. నా చేతులకి బేడీలు వేస్తుంటే నువ్వు చూస్తూ నిలబడ్డావు. నీ భుజాన తాడు కూడా ఉంది. ఆ తాడు వేస్తే నేనూ, ఎక్కగలిగినవాళ్ళం ఇంకో పదిమందిమీ, ఎక్కి అడవిలో పడేవాళ్ళం. నిన్ను పిలిచింది వాళ్ళని తెమ్మని కాదు.

ఇక్కడ అందరూ అడుగుతున్నారు, మీ అక్కేనా పట్టించింది అని. ఏం చెప్పమంటావు?

మంకోబా


కొండ కింది ఇల్లు,
30 ఏప్రిల్

తమ్ముడికి,

అడిగావు కనుక మొదటి నుంచీ చెబుతాను. మధ్యలో ఆపకుండా చదువు.

అత్త నీ అట్టని రెండు రోజులు గుడ్డల్లో దాచుకుని భయపడింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక్కి పిలిచి చేతిలో పెట్టింది. "నాకు చదువు రాదు ఫెత్సిలె, కానీ ఆ కుర్రాడు అది కట్టేటప్పుడు ఏడుస్తున్నాడు" అంది. చదివాను. "అత్తా, నువ్వు జోహన్నెస్‌బర్గ్ ఎన్నిసార్లు వెళ్ళావు?" అన్నాను. "నా జన్మలో వెళ్ళలేదమ్మా" అని ఆవిడ నా కాళ్ళ దగ్గర కూలబడింది.

పరిగెత్తుకుని ఆఫీసుకి వెళ్ళాను. తాళం. లూట్స్, పోలీసులు అందరూ శనివారమే పైకి వెళ్ళారు. ఆ కొండ మీద ఫోను పలకదు. లారీలు పోయిన బండి దారి వెనకాలే వానకి కొట్టుకుపోయింది. మిగిలింది నేను జనాన్ని నడిపించే దారి ఒక్కటే. దానికి ఒకటిన్నర రోజు పడుతుంది. నాకున్నది మధ్యాహ్నం నుంచి పొద్దున ఎనిమిది దాకా. ఎనిమిదింటికి సిమెంటు పోయడం మొదలు.

అమ్మకి, గుడిసెలో సామాను మర్చిపోయానని చెప్పాను. "వానలో సామానుకి పోయేవాళ్ళుంటారా?" అంది. వెనక్కి చూడకుండా నడిచాను.

వాన ఆగలేదు. జలగలు, బురద. అడవంతా ఒకటే హోరు. నీ మీద కోపంతో చాలా దూరం నడిచాను, ఆ మాట దాచను. జోహన్నెస్‌బర్గ్ అని ఎన్ని అబద్ధాలు రాశావో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పైకే తిట్టుకుంటూ నడిచాను. తర్వాత, ఆ తేదీ రాసింది నేనే కదా అని తట్టింది. నిచ్చెన లాగేసింది కాపలావాళ్ళే అయినా, లాగించింది నా ఉత్తరం. అప్పటి నుంచి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. చీకటి పడుతుండగా గుడిసె చేరాను. అవతలికి చీకట్లో పోలేను, పోతే వాగులోనే ఉంటాను. తెల్లారేదాకా గుడిసె గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. అక్కడ ప్రమాదాలకని ఉంచిన పొడుగాటి తాడు తీసి భుజాన వేసుకున్నాను.

తొలి వెలుగుకి వాగు దగ్గరికి వచ్చాను. గొలుసు లేదు. గొలుసు దిగగొట్టిన బండే లేదు. మామూలుగా మోకాలి లోతు ఉండే నీళ్ళు ఎర్రగా, చెట్లని మోసుకుంటూ పోతున్నాయి. కాస్త ఎగువన, పాత గనివాళ్ళు నీళ్ళకోసం ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వేసిన ఇనుప గొట్టం ఉంది. దాని మీద కాలు పెట్టొద్దని ప్రతి గుంపుకీ నేనే చెబుతాను. దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, చేతులతో నెట్టుకుంటూ జరిగాను. నడిమధ్యలో గొట్టం కిందికి వంగింది. తుప్పు రేకు లేచి పిక్కలో దిగింది. అక్కడ ఆగిపోయాను. ముందుకీ పోలేను, వెనక్కీ పోలేను. నువ్వు చిన్నప్పుడు చెట్టెక్కి దిగలేక ఏడిస్తే, "కిందికి చూడకు, నా మొహం చూడు" అనేదాన్ని. చూడ్డానికి అక్కడ ఎవరి మొహం ఉంది? గొట్టాన్నే చూసుకుంటూ జరిగాను. ఒడ్డు మీద పడి వాంతి చేసుకున్నాను.

గాడిద మెట్ట పాకుతూ ఎక్కాను. పైకి వచ్చేసరికి ఏడుంపావు. అక్కడ దారి చీలుతుంది, నీకూ తెలుసు. కుడికి పోతే పది నిమిషాల్లో నీ గొయ్యి. ఎడమకి పోతే లూట్స్ మకాం.

నువ్వు రాసింది నిజం. తాడు నా భుజాన ఉంది. కుడికి పోవాలనే అనుకున్నాను. నాలుగడుగులు వేశాను కూడా. చెట్టుకి కట్టి వేస్తే నువ్వు ఎక్కేస్తావు. నాకు నువ్వొక్కడివే కావాలనిపించింది. మిగతావాళ్ళ మొహాలు నేను చూడలేదు, వాళ్ళు నాకేమీ కారు. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నాకే భయమేసింది. బ్యాంకు ఆయన కథకి నవ్వీ నవ్వీ దగ్గిన ముసలాయన ఆ తాడు ఎక్కలేడు. భుజం విరిగినవాడు ఎక్కలేడు. మూడు రోజులు తిండి లేనివాళ్ళలో ఎంతమంది ఎక్కుతారు? ఎక్కినవాళ్ళు పారిపోతే, మిగిలినవాళ్ళ మీద ఎనిమిదింటికి సిమెంటు పడుతుంది. అప్పుడు నేను పరిగెత్తి చెప్పినా లూట్స్ నమ్మకపోతే? వెనక్కి తిరిగి ఎడమ దారి పట్టాను. నిన్ను పట్టిస్తున్నానని తెలిసే పట్టాను.

లారీ ఇంజను అప్పటికే తిరుగుతోంది. లూట్స్ కాఫీ తాగుతున్నాడు. "పదిహేడులో ఇరవై ఇద్దరున్నారు. అందులో ఒకడు నా తమ్ముడు" అన్నాను.

"నిన్న సాయంత్రం అరగంట కేకలేశాం. ఎవరూ లేరు."

"మీకు పలకరు. నాకు పలుకుతారు."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"నిన్నటి నుంచి."

నా కాలి వంక చూశాడు. చెప్పులోంచి రక్తం కారుతోంది. డ్రైవరు వైపు తిరిగి, "ఇంజను ఆపు" అన్నాడు.

గొయ్యి అంచున బోర్లా పడుకుని నీ పేరు పెట్టి పిలిచాను. జవాబు లేదు. రెండోసారి ఇంటిపేరుతో కలిపి పిలిచాను. ఏమీ లేదు. ఒక పోలీసు, "లేరమ్మా, ఆలస్యమైపోయింది" అన్నాడు. లూట్స్ టోపీ తీసి పట్టుకున్నాడు. మూడోసారి పిలిచాక ఎంతసేపైందో నాకు తెలియదు. నువ్వు చచ్చిపోయావని అనుకున్నాను. ఎడమకి పోయి పావుగంట పోగొట్టాను, ఆ పావుగంటలోనే పోయావనుకున్నాను. అప్పుడు కింద నుంచి "అక్కా" అన్నావు.

ఆ తర్వాతది నీకు తెలుసు. లారీ మీది ఇనుప తాడుతో ఒక్కొక్కరినీ లాగడానికి మూడు గంటలు పట్టింది. బేడీలు వేస్తుంటే చూస్తూ నిలబడ్డానన్నావు. నిలబడ్డాను. నిన్ను లెక్కపెట్టాను, నీ తర్వాత వచ్చినవాళ్ళనీ లెక్కపెట్టాను, ఇరవై రెండు వచ్చేదాకా కదల్లేదు. ఆర్మాందుని ఆఖరున చెక్క పలక మీద కట్టి లాగారు.

తేదీ బయటపెట్టినందుకు నన్ను పనిలోంచి తీసేశారు. న్యాయమే, నేనేమీ అనలేదు. లూట్స్ ఒక్క మాట అన్నాడు, ఆ గొట్టం దాటిన సంగతి ఎవరికీ చెప్పొద్దని, విని ఇంకెవరైనా ఎక్కుతారని.

అమ్మకి అంతా చెప్పేశాను. మర్నాడు, "వాడికి ఆ జైల్లో పులిసిన పాలు ఇస్తారా?" అంది.

నీ స్నేహితులు అడిగితే చెప్పు. అవును, మా అక్కే పట్టించింది అని.

ఫెత్సిలె


జైలు,
11 మే

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. మధ్యలో కోర్టుకి తీసుకెళ్ళారు. నాకు ఎనిమిది నెలలన్నారు. మొజాంబిక్ వాళ్ళని ఇంటికి పంపేస్తారట. ఆర్మాందు కర్రలతో నడక నేర్చుకుంటున్నాడు, వార్డులో అందరినీ గుద్దుకుంటున్నాడు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. ఆఖరు దాకా విని, "ఇప్పుడు నీది రాయి. ఉన్నదున్నట్టు రాయి" అన్నాడు.

నువ్వు మూడుసార్లు పిలిచానని రాశావు. నాలుగుసార్లు పిలిచావు. నీకు గుర్తులేదు, నాకు తెలుసు. మొదటి పిలుపే విన్నాను. నీ గొంతని కూడా తెలుసు.

నీ వెనకాల బూట్ల చప్పుడు కూడా విన్నాను, నువ్వొక్కదానివే అనుకున్నానన్నది అబద్ధం. ఈ గడ్డంతో, ఈ బట్టలతో, నేల కిందినుంచి పురుగులా నీ కళ్ళ ముందుకి రావాలా అనిపించింది. నాన్న నీకు చెప్పిన మాట నువ్వు రాశాకే నాకు తెలిసింది, ఆ ఉత్తరం జేబులోనే ఉంది. పలక్కుండా ఉంటే, నేను జోహన్నెస్‌బర్గ్‌లో ఎక్కడో తప్పిపోయానని అమ్మకి చెబుతావనుకున్నాను. లోపల ఇంకా ఇరవైమంది ఉన్నారన్న ఆలోచన ఆ నిమిషాన నాకు రాలేదు.

ఆర్మాందు పలకబోయాడు. నేను ఆయన నోరు మూశాను. కాలు కుళ్ళుతున్న మనిషి నోరు, ఈ చేత్తో, గట్టిగా మూశాను. నువ్వు రెండోసారి పిలిచావు. మూడోసారి పిలిచావు. ఆయన నా చెయ్యి కొరికాడు. మచ్చ ఇంకా ఉంది.

"ఎవరావిడ?" అన్నాడు.

"మా అక్క."

"మరి దాక్కోవడం ఎవరి నుంచి?"

అప్పుడు నువ్వు నాలుగోసారి పిలిచావు. గొంతు పగిలిపోయింది. ఇంక నా వల్ల కాలేదు.

పోలీసులని తెచ్చావని మొన్న నిన్ను నిలదీశాను చూడు, అది ఈ సంగతి రాయలేక. నువ్వు దారి చీలిన చోట ఎడమకి తిరిగావు. నేను నీ గొంతు విని కూడా నోరు మూసుకుని కూర్చున్నాను.

చూడ్డానికి శనివారాలు పదింటికి వదులుతారు. అమ్మ మెట్లు ఎక్కలేదు, కింద బల్లల దగ్గర కూర్చోబెట్టమని అడిగి ఒప్పించాను. పాలు లోపలికి రానివ్వరు. మీరు రండి.

తమ్ముడు,
మంకోబా